ఊదా ఆకుల సన్నని చెట్టు: బస్తర్ నేలలో ఏది నిలుస్తుంది?

మార్చి చివరి వారంలో జగదల్‌పూర్ వైపు ప్రయాణం పెట్టుకుంటే అడవిలో ఒక వింత కనిపిస్తుంది. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైల్లో వచ్చినా, భద్రాచలం, కుంట, సుక్మాల మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిపై వచ్చినా సరే. ఎండకు మోడువారిన చెట్ల మధ్య అక్కడక్కడా కొన్ని చెట్లు నిప్పంటుకున్నట్టు ఎర్రగా ఉంటాయి. దూరం నుంచి చూసి మోదుగు పూలనుకుంటాం. దగ్గరికి వెళితే అవి పూలు కావు, ఆకులు. అప్పుడే విచ్చుకున్న లేత ఆకులు. ఆ చెట్టును ఇక్కడ హిందీలో కుసుమ్ అంటారు, తెలుగులో పుసుగు. నూనె కోసం పొలాల్లో వేసే కుసుమ పంటకూ దీనికీ సంబంధం లేదు.

అడవిలో ఇలా ఉండగా, పట్టణంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారికి, లేఅవుట్‌లో రోడ్డు పక్కన మొక్కలు నాటాలనుకునేవారికి మరో చెట్టు మీద మనసు పడుతోంది. విదేశీ తోటల ఫోటోల్లో కనిపించే చెట్టు అది. వెడల్పు ఆరడుగులు కూడా ఉండదు. స్తంభంలా నిటారుగా లేస్తుంది. ఆకులు వంగపండు రంగులో, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మారకుండా ఉంటాయి. ఇరుకు జాగా, కొత్త రంగు, రెండింటికీ ఒకే సమాధానంలా తోస్తుంది. ఇలాంటి చెట్టు జగదల్‌పూర్‌లో పెరుగుతుందా? పెరగకపోతే దాని బదులు ఏది నాటాలి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు ఆ రంగు ఎక్కడిదో, ఆ సన్నదనం ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

ఆకులో ఊదా రంగు ఎక్కడిది?

ఊదా ఆకులో పత్రహరితం ఉండదని చాలామంది అనుకుంటారు. ఉంటుంది. అది లేకపోతే చెట్టుకు తిండే లేదు. ఆ పచ్చదనం మీద ఇంకో రంగు కప్పుకోవడం వల్ల మనకు కనిపించదు, అంతే. ఆ కప్పే రంగు పేరు ఆంథోసయనిన్. నేరేడు పండులో, వంకాయ తొక్కలో, ఎర్ర క్యాబేజీలో ఉన్నదీ అదే కుటుంబం.

పత్రహరితం సూర్యకాంతిలోని నీలం, ఎరుపు కిరణాలను ఎక్కువగా తీసుకుని, ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది. అందుకే ఆకు పచ్చగా కనిపిస్తుంది. ఆంథోసయనిన్ సరిగ్గా ఆ ఆకుపచ్చ కిరణాలనే పీల్చుకుంటుంది. రెండూ ఒకే ఆకులో చేరితే బయటికి వచ్చే కాంతి బాగా తగ్గుతుంది. మిగిలిన కొద్దిపాటి ఎరుపు, నీలం కలిసి ముదురు ఊదాగా, ఒక్కోసారి దాదాపు నల్లగా కనిపిస్తాయి. పత్రహరితం కణంలోని హరితరేణువుల్లో ఉంటే, ఆంథోసయనిన్ కణం మధ్య నీటి తిత్తిలా ఉండే రిక్తికలో కరిగి ఉంటుంది. అంటే రెండిటికీ వేర్వేరు గదులు.

దీన్ని వంటింట్లోనే పరీక్షించవచ్చు. ఎర్ర క్యాబేజీ ముక్కల్ని వేడినీళ్లలో ఉడికించి ఆ నీటిని రెండు గాజు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది. రెండో దాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే నీలం, ఆపై ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పులుపును బట్టి రంగు మారడం ఆంథోసయనిన్ గుణం. ఇదే పరీక్ష బీట్‌రూట్ నీటితో చేస్తే నిమ్మరసానికి రంగు అంతగా మారదు. బీట్‌రూట్, ఎర్ర తోటకూర, కాగితంపూల ఎరుపు బీటలైన్లు అనే వేరే జాతి రంగులది. ఆంథోసయనిన్, బీటలైన్ రెండూ ఒకే మొక్కలో సహజంగా కనిపించవు. ఎర్రగా కనిపించేవన్నీ ఒకటి కావన్నమాట.

రెండు రకాల ఊదా

ఈ రంగు మనకు కొత్తదేమీ కాదు. మావిచిగురు చూడని తెలుగువారుండరు. ఆ రాగి రంగు, కొన్ని చెట్లలో ముదురు ఊదా, ఆంథోసయనిన్ వల్లే. రెండు మూడు వారాల్లో ఆకు గట్టిపడుతుంది, పచ్చబడుతుంది. ఆంథోసయనిన్ తయారీని నడిపించే జన్యువులకు ఒక మీట ఉంటుంది. లేత ఆకులో ఆ మీట నొక్కి ఉంటుంది, ఆకు ముదిరేసరికి ఆగిపోతుంది. ఇది రాకపోకల ఊదా.

రెండోది శాశ్వతంగా ఉండే ఊదా. ఎప్పుడో ఒక మొక్కలో ఆ మీట ఆగకుండా ఉండిపోతుంది. ఆకు ముదిరినా రంగు తగ్గదు. అడవిలో అలాంటి మొక్క నూటికో కోటికో ఒకటి పుడుతుంది. దాన్ని గమనించి, కొమ్మ తెచ్చి అంటుకట్టి పెంచిందీ, దేశాలు దాటించిందీ తోటమాలులు. 1880లో పర్షియా షా కొలువులో తోటమాలిగా ఉన్న పిస్సార్ అనే ఫ్రెంచివాడు అక్కడి ఊదా ఆకుల రేగు జాతి చెట్టును ఫ్రాన్సుకు పంపాడు. మనం రేగు అంటే గుర్తొచ్చే గంగరేగు కాదిది, ప్లమ్ అనే చలి ప్రాంతపు పండ్ల చెట్టు. ఆ చెట్టుకు అతని పేరే పెట్టారు. ఇవాళ ఐరోపా, అమెరికా వీధుల్లో కనిపించే ఊదా ప్లమ్ చెట్లలో చాలావరకు ఆ వంశానివే. వాటిలో క్రిమ్సన్ పాయింట్ అనే సన్నని రకం ఇప్పుడు ఫోటోల్లో ఎక్కువగా తిరుగుతోంది.

శాశ్వత ఊదాలో ఒక చిక్కుంది. దాని విత్తనం నుంచి వచ్చే పిల్లలన్నీ ఊదాగా ఉండవు, కొన్ని పచ్చగా పుడతాయి. అందుకే వీటిని కొమ్మ కత్తిరింపులతోనో అంట్లతోనో పెంచుతారు. పైగా అంటు కింది వేరుమొక్క నుంచి పచ్చని పిలకలు లేస్తే వాటిని వెంటనే తీసేయాలి. పచ్చని కొమ్మకు వెలుతురు ఎక్కువ అందుతుంది, త్వరగా పెరిగి ఊదా భాగాన్ని మింగేస్తుంది.

సన్నదనం ఎలా వస్తుంది?

చెట్టు సన్నగా ఉండడం కొమ్మ కోణానికి సంబంధించిన విషయం. మామూలు చెట్టులో పక్క కొమ్మ కాండం నుంచి వెలుతురు వైపు, వెడల్పుగా సాగుతుంది. స్తంభం లాంటి చెట్టులో కొమ్మలు కాండాన్ని హత్తుకుని పైకే వెళతాయి. దీని వెనకా జన్యువుల పాత్ర ఉంది. పీచ్ పండ్ల చెట్లలో స్తంభాకార రకాన్ని పరిశీలించినవారు, కొమ్మను పక్కకు వంగేలా చేసే టాక్1 అనే జన్యువు అందులో పనిచేయడం లేదని 2013లో తేల్చారు. వరిలో పిలకలు విచ్చుకునే కోణాన్ని నిర్ణయించే జన్యువుకు ఇది చుట్టమే. వరి దుబ్బు బిగుతుగా ఉండాలా, విచ్చుకోవాలా అని మన రైతులు చూసుకునే గుణమూ, వీధి చెట్టు సన్నదనమూ ఒకే కుటుంబం జన్యువుల చేతిలో ఉన్నాయన్నమాట.

మనకు బాగా తెలిసిన సన్నని చెట్టు మరో దారి పట్టింది. పాఠశాలల ముందు, ప్రహరీల వెంట వరసగా కనిపించే, అందరూ అశోక చెట్టు అని పిలిచే నరమామిడి అది. దాని కొమ్మలు కాండం నుంచి బయటికి వచ్చి కిందికి వేలాడతాయి. కొమ్మలు కిందికి దిగడం వల్ల చెట్టు గోపురం శిఖరంలా ఇరుకుగా ఉంటుంది. పీచ్‌లో కొమ్మలు పైకి లేచి సన్నదనం తెస్తే, నరమామిడిలో కొమ్మలు కిందికి దిగి అదే పని చేస్తాయి.

చలి దేశపు చెట్టు ఇక్కడ ఎందుకు తడబడుతుంది?

జగదల్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున, ఇంద్రావతి ఒడ్డున ఉంది. ఏడాదికి దాదాపు 1,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. మే నెలలో పగటి వేడి 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు మైదానాల కన్నా చల్లగా, 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఈ చలి చూసి ఇక్కడ చలి దేశపు చెట్లు బతుకుతాయని ఆశపడేవారున్నారు.

ఆ చలి సరిపోదు. ప్లమ్ లాంటి చెట్లు శీతాకాలంలో నిద్రపోతాయి. మళ్లీ మేలుకోవడానికి అవి చలి గంటల్ని లెక్కపెట్టుకుంటాయి. దాదాపు 7 డిగ్రీలకు తక్కువగా ఉండే గంటలు వందల సంఖ్యలో గడిస్తేనే మొగ్గలు సరిగ్గా విచ్చుకుంటాయి. చలికాలపు సగటు రాత్రే 10 డిగ్రీల దగ్గర ఉండే చోట ఆ లెక్క పూర్తి కాదు. అప్పుడు మొగ్గలు అరకొరగా, ఆలస్యంగా పగులుతాయి. చెట్టు ఏటికేడాది నీరసిస్తుంది.

చెట్టు ఎలాగో బతికినా రంగు నిలవదు. ఆంథోసయనిన్ తయారవడానికి మంచి వెలుతురు, చల్లని రాత్రులు కావాలి. వేడి పెరిగితే ఆ జన్యువుల మీట సన్నగిల్లుతుంది, ఉన్న రంగు కూడా కరుగుతుంది. ఆపిల్ తొక్క ఎర్రబడడం మీద జరిగిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. వేడి రోజుల్లో రంగు తయారీని నడిపే జన్యువు పని మందగించింది. అందుకే చలి దేశాల్లోనూ ఊదా చెట్లు వేసవి ముదిరేకొద్దీ, నీడలో ఉన్న కొమ్మల్లోనూ మట్టి రంగు కలిసిన పచ్చకు దిగుతాయి. బస్తర్‌లో నాలుగు నెలలు మబ్బు, మూడు నెలలు మండే ఎండ. ఫోటోలోని ఊదా ఇక్కడ కొన్ని వారాల ముచ్చటే అవుతుంది.

వేసవిలోనూ ఊదాగా ఉండే ఉష్ణమండల మొక్క ఒకటి మన నర్సరీల్లో దొరుకుతుంది. యుఫోర్బియా కోటినిఫోలియా అంటారు. మెక్సికో, దక్షిణ అమెరికా దీని పుట్టిల్లు. చిన్న చెట్టంత పెరుగుతుంది, ఆకు ముదురు ఊదా. అయితే జెముడు కుటుంబానికి చెందిన ఈ మొక్కను గిల్లితే కారే పాలు చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, కంట్లో పడితే పెద్ద ప్రమాదం. పిల్లలు తిరిగే ఇంటి ముందు, బడి ఆవరణలో, పశువులు మేసే చోట నాటకూడదు. పెద్ద తోటలో, చేతికి అందని మూలన, తొడుగులు వేసుకుని కత్తిరించగలిగేవారికి మాత్రమే ఇది తగును.

మండుటెండలో చిగురెందుకు?

ఇప్పుడు అడవి వైపు తిరుగుదాం. బస్తర్‌లో సాల్ చెట్టును హల్బీ మాటల్లో సరగి అంటారు, మన గుగ్గిలం చెట్టు. మార్చిలో దాని లేత ఆకు ఎర్రబారి ఉంటుంది. ఇప్పచెట్టు పూలు రాలాక రాగి రంగు చిగురు తొడుగుతుంది. పుసుగు అయితే చెట్టంతా ఒకేసారి ఎర్రబడుతుంది. వాన రావడానికి ఇంకా రెండు నెలలుంది. నేల బీటలు వారింది. అప్పుడే ఇంత లేత ఆకును ఎండకు అప్పగించడం చూస్తే చెట్టుకు మతి పోయిందా అనిపిస్తుంది.

దీనికి ఒక జవాబు మన దక్షిణాది అడవుల్లోనే దొరికింది. తమిళనాడులోని ముదుమలై ఆకురాల్చే అడవిలో కె.ఎస్. మురళి, ఆర్. సుకుమార్ చేసిన పరిశీలన 1993లో వెలువడింది. వానకు ముందే, పొడి కాలంలో చిగురించిన చెట్ల ఆకులకు పురుగుల వల్ల తక్కువ నష్టం జరిగింది. వానలు పడ్డాక చిగురించిన వాటిని పురుగులు ఎక్కువగా తిన్నాయి. తొలకరికి పురుగుల సంతతి లేచేసరికి, ముందుగా చిగురించిన చెట్ల ఆకులు గట్టిపడి ఉంటాయి. ఎండను భరించి పురుగును తప్పించుకోవడం ఈ చెట్లు కుదుర్చుకున్న బేరం. వేర్లు లోతుల్లోని తేమను అందుకోవడం, కాండంలో నీరు దాచుకోవడం ఆ బేరానికి పెట్టుబడి.

ఆ ఎండను భరించడంలో ఊదా రంగు సాయం చేస్తుంది. లేత ఆకులో కిరణజన్య సంయోగక్రియకు కావలసిన సరంజామా ఇంకా పూర్తిగా అమరి ఉండదు. వాడుకోలేనంత కాంతి పడితే అది ఆకునే దెబ్బతీస్తుంది. ఆంథోసయనిన్ కొంత కాంతిని తాను తీసుకుని గొడుగులా అడ్డుపడుతుంది. కాంతి వల్ల పుట్టే హానికర అణువుల్ని అణచడంలోనూ దానికి పాత్ర ఉందని చాలా ప్రయోగాలు చూపాయి.

పురుగుల వైపు నుంచి మరో వివరణ ఉంది. ఆకులు తినే పురుగుల్లో చాలావాటికి ఎరుపు సరిగ్గా కనిపించదు. ముదురు ఎరుపు ఆకు వాటికి ఎండుటాకులా, తినడానికి పనికిరానిదిగా తోచవచ్చు. పనామా అడవుల్లో పనిచేసిన థామస్ కుర్సార్, ఫిలిస్ కోలీ 1990ల మొదట్లో ఇంకో సంగతి ముందుకు తెచ్చారు. నీడలో పెరిగే కొన్ని చెట్లు ఆకు గట్టిపడేదాకా అందులో పత్రహరితం నింపడం వాయిదా వేస్తాయి. ఒకవేళ పురుగు తిన్నా పోయేది తక్కువే. అన్ని చెట్లకూ ఒకే కారణం వర్తించదు. ఎండలో నిలిచే పుసుగుకు గొడుగు ముఖ్యం కావచ్చు, నీడలో పెరిగే మొక్కకు పొదుపు ముఖ్యం కావచ్చు. ఈ వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా సాగుతూనే ఉంది.

తోట పెట్టుకునేవారికి ఇందులో అందే మాట సూటిగా ఉంది. చలి దేశంలో ఊదా ఆకు తోటమాలి కాపాడుకునే అపురూపం. బస్తర్‌లో అది చెట్టు బతుకుతెరువు. ఇక్కడి ఎండలో పుట్టిన ఊదాకు ఇక్కడి ఎండ శత్రువు కాదు. కాకపోతే అది వచ్చి పోతుంది. ఏడాది పొడవునా ఉండాలన్న కోరిక వదులుకుంటే చాలు, చేతికి అందే చెట్లు చాలా ఉన్నాయి.

ఏ చోటికి ఏ చెట్టు?

ఇరుకు జాగా, విద్యుత్ తీగలు లేని చోటు: నరమామిడి. కొత్త ఆకు రాగి రంగులో మెరుస్తూ వస్తుంది, తర్వాత ముదురుపచ్చ. వృక్షశాస్త్రంలో దీన్ని చాలాకాలం పాలియాల్థియా అన్నారు, ఇప్పుడు మోనూన్ ప్రజాతిలో చేర్చారు. సీతాఫలం కుటుంబం. తోకలున్న టెయిల్డ్ జే సీతాకోకచిలుక దీని ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పండ్లను గబ్బిలాలు, కోయిలలు తింటాయి. తీగల కింద మాత్రం నాటవద్దు. ఎత్తు పెరిగాక తల నరికితే అందం పోయి చీపురుకట్టలా మిగులుతుంది.

ఇరుకు జాగా, పైన తీగలున్న చోటు: నర్సరీల్లో యూజీనియా పేరుతో అమ్మే మొక్క. నేరేడు కుటుంబానికి చెందిన ఈ ఆగ్నేయాసియా మొక్కను గోదావరి జిల్లా కడియం నర్సరీల్లో స్తంభాలుగా, గోళాలుగా కత్తిరించి పెంచుతారు. చిగురు నారింజ నుంచి ముదురు ఎరుపు దాకా ఉంటుంది. దీని ప్రత్యేకత ఏమిటంటే కత్తిరించిన ప్రతిసారీ కొత్త ఎర్రచిగురు వేస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం రంగు చూడాలనుకునేవారికి సన్నని చెట్లలో ఇదే దగ్గరి దారి. 10 అడుగుల ఎత్తులో ఆపి ఉంచవచ్చు. వేసవిలో నీరు తప్పనిసరి.

నీడ, తేమ ఉన్న పెరడు: అసలు అశోకం. నర్సరీల్లో సీతా అశోక అని అడగాలి. దీని చిగురు గుత్తులుగా, ఊదా కలిసిన రాగి రంగులో, వాడిపోయినట్టు కిందికి వేలాడుతుంది. అది జబ్బు కాదు. నిటారుగా వేలాడే ఆకు మీద మధ్యాహ్నపు ఎండ తిన్నగా పడదు. కొన్ని రోజులకు ఆకు బిరుసెక్కి, పచ్చబడి, పైకి లేస్తుంది. నారింజ, ఎరుపు రంగుల పూలు కాండం మీదే గుత్తులుగా పూస్తాయి. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ చెట్టు అడవుల్లో తగ్గిపోయి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ముప్పు అంచున ఉన్న జాతిగా నమోదైంది. మందుల కోసం దీని బెరడు ఒలవడం అందుకు ఒక కారణం. నరమామిడి బెరడును దీని బెరడుగా కలిపి అమ్మడమూ జరుగుతుంది. పేరు ఒకటైనంత మాత్రాన చెట్టు ఒకటి కాదు. ఒక పెరట్లో ఒక్క అసలు అశోకం నాటినా అది అందానికే కాదు, జాతికీ మేలు.

విశాలమైన ఆవరణ, చెరువు గట్టు, పార్కు: పుసుగు, ఇప్ప. ఇవి సన్నని చెట్లు కావు. కానీ దల్‌పత్ సాగర్ లాంటి చెరువు చుట్టూ, కళాశాలల ఆవరణల్లో, పెద్ద రోడ్ల వెంట వీటికి చోటు ఉంది. పుసుగు మీద పెరిగే లక్కపురుగు ఇచ్చే కుసుమీ లక్క మేలురకం. బస్తర్ పల్లెల్లో ఇప్పపువ్వు ఇంటింటి సంపాదన. పట్టణం నీడకోసం నాటినా, పుసుగు తన చిగురును ఏటా మార్చిలో చూపిస్తుంది. అంట్లు, మందులు, రంగు కాపాడే తంటాలు ఏవీ అక్కర్లేదు.

బస్తర్ నేలలో నాటే తీరు

జగదల్‌పూర్ చుట్టుపక్కల రైతులు నేలను ఎత్తుపల్లాల్ని బట్టి నాలుగు పేర్లతో పిలుస్తారు. గరపగా, తేలికగా ఉండే మెట్ట మర్హాన్. దాని కన్నా కాస్త మెరుగైన మెట్ట టిక్రా. గట్లు వేసిన నడిమి నేల మాల్. నీరు నిలిచే పల్లం గభార్. చెట్టు నాటేటప్పుడు ఈ పేర్లు గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. నరమామిడి, అశోకం, యూజీనియాలకు మాల్ లాంటి నేల హాయి. మర్హాన్‌లో పుసుగు, ఇప్ప తట్టుకుంటాయి, మిగతావాటికి ఎరువు, నీరు దండిగా కావాలి. గభార్‌లో నీరు నిలిచే చోట ఏదీ నాటకపోవడం మంచిది. తప్పదనుకుంటే మట్టి దిబ్బ చేసి దాని మీద నాటాలి.

గొయ్యి మే నెలలోనే తవ్వుకోండి. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు చాలు. రెండు మూడు వారాలు ఎండనిస్తే మట్టిలోని పురుగులు తగ్గుతాయి. ఎర్రమట్టిలో చెదలు ఎక్కువ కాబట్టి తవ్విన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్లు వేపపిండి కలపాలి. పచ్చి పేడ వేస్తే చెదల్ని పిలిచినట్టే. వానలు కుదురుకున్నాక, జూన్ చివర్లోనో జులైలోనో నాటాలి.

మొక్క కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోవద్దు. సంచీలో ఏళ్ల తరబడి ఉన్న ఎనిమిదడుగుల మొక్క వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. నేలలో పెట్టినా అవి అలాగే చుట్టుకుని, పెద్ద గాలికి చెట్టును పడగొడతాయి. మూడు నాలుగు అడుగుల మొక్క చాలు. కడియం లాంటి చోట్ల నుంచి లారీలో వచ్చిన మొక్కను వచ్చిన రోజే నాటకుండా పది రోజులు నీడలో ఉంచి, ఇక్కడి గాలికి అలవాటు కానివ్వాలి. నాటేటప్పుడు కాండం మొదలు నేలమట్టానికే ఉండాలి, లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది. మొదటి చుట్టూ ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

వరసలో నరమామిడికీ నరమామిడికీ మధ్య కనీసం ఆరడుగులు, ప్రహరీ నుంచి ఐదడుగులు వదలాలి. అశోకానికి పదిహేనడుగులు, పుసుగుకు, ఇప్పకు ముప్పై అడుగుల పైనే కావాలి. మొదటి రెండు వేసవులూ కీలకం. మార్చి నుంచి వానల దాకా వారానికి రెండుసార్లు, ఒక్కో మొక్కకు రెండు బకెట్ల నీళ్లు నెమ్మదిగా ఇంకేలా పోయాలి. రోజూ చెంబుడు పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది.

రంగు బాగా రావాలంటే ఇంకో రెండు సంగతులు. ఒకటి, రోజుకు ఐదారు గంటల ఎండ. అశోకం ఒక్కటే కొంత నీడను ఇష్టపడుతుంది. రెండోది, యూరియా మీద చేయి బిగపట్టడం. నత్రజని ఎక్కువైతే ఆకు బలిసి త్వరగా పచ్చబడుతుంది, ఆంథోసయనిన్ తగ్గుతుంది. యూజీనియాను మబ్బు రోజుల్లో, లేదా సాయంత్రం పూట కత్తిరిస్తే కొత్త చిగురు మాడకుండా వస్తుంది.

చెట్టు ఎంపిక చిన్న విషయమా?

ఇటీవలి అనుభవం ఒకటి మన ముందుంది. కోనోకార్పస్ అనే సన్నని, ఏపుగా పెరిగే, ఎప్పుడూ పచ్చగా ఉండే విదేశీ చెట్టును తెలంగాణలో హరితహారం కింద రోడ్ల వెంట విరివిగా నాటారు. చూడటానికి ముచ్చటగా ఉంది, నీళ్లు లేకపోయినా బతికింది. తర్వాత దాని పుప్పొడి గురించీ, వేర్లు పైపుల్లోకి చొరబడడం గురించీ ఫిర్యాదులు వచ్చాయి. నాటవద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. గుజరాత్ 2023లో నిషేధించింది. ఆ ఫిర్యాదుల్లో ఏది ఎంత నిజమన్నది చర్చించదగినదే. కానీ ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచిన చెట్లను మళ్లీ నరకాల్సి రావడం మాత్రం నిజం. ఫోటో చూసి వేల సంఖ్యలో ఒకే చెట్టు నాటితే చెల్లించే మూల్యం అది.

జగదల్‌పూర్ ఇంకా పెరుగుతున్న పట్టణం. కొత్త కాలనీలు, కొత్త రోడ్లు వస్తున్నాయి. వాటి పక్కన ఇప్పుడు పెట్టే మొక్క యాభై ఏళ్లు నిలవాల్సింది. ఊదా రంగు మీద మోజు తప్పేమీ కాదు. దాన్ని ఎక్కడ వెతుకుతున్నామన్నదే ప్రశ్న. పర్షియా నుంచి ఫ్రాన్సుకు, అక్కడి నుంచి ప్రపంచానికి వెళ్లిన చెట్టు ఈ ఎండలో వాడిపోతుంది. ఇరవై ఏడు కిలోమీటర్ల దూరంలోని కాంగేర్ లోయ అడవిలో అదే రంగు, అదే అణువు, మండుటెండకోసమే పుట్టి ఎదురుచూస్తోంది.

ఈ ఏడు మొక్క కొనే ముందు ఒక పని చేయండి. మార్చి చివర్లో ఒక ఆదివారం ఆ దారిన వెళ్లి, ఏ చెట్టు ఎర్రబడిందో, ఏది ఊదాబారిందో, ఎన్ని రోజులకు పచ్చబడిందో రాసుకోండి. జూన్‌లో నర్సరీకి వెళ్లేటప్పుడు ఆ కాగితం జేబులో ఉంటే ఫోన్‌లోని ఫోటో అవసరం ఉండదు.